చెరువు గట్టున పీసీఆర్... తరగతి గదిలో నిర్వచనం

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ జన్యు సవరణతో తయారైన రెండు వరి వంగడాలను ప్రకటించారు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, దానికే కమల అని పేరు. రెండోది దిల్లీ పూసా సంస్థ నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ రైస్ 1. మొదటిదానికి మూలం బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. రెండోదానికి మూలం పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, రైతుల నోట కాటన్‌దొర సన్నాలు. దిల్లీ వేదిక మీద చప్పట్లు అందుకున్న రెండు విత్తనాలకూ పుట్టిల్లు తెలుగు నేలే.

ఆ వార్తతో పాటే పాత ప్రశ్న మళ్లీ వచ్చింది. ఇది తినొచ్చా? ఇదీ జన్యుమార్పిడి పంటేనా? లాభం రైతుకా, కంపెనీకా? బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి ఇచ్చినప్పుడు అడిగిన ప్రశ్నలే ఇవి. బీటీ వంకాయ మీద 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జరిపిన బహిరంగ చర్చల్లోనూ ఇవే వినిపించాయి. 2022 అక్టోబరులో జన్యుమార్పిడి ఆవాలకు నియంత్రణ సంఘం పచ్చజెండా ఊపినప్పుడూ ఇవే, 2024 జులైలో ఆ ఆవాల కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలినప్పుడూ ఇవే. ఇరవై ఏళ్లుగా రెండు పక్షాల వాళ్లూ దాదాపు ఒకే మాటలు మాట్లాడుతున్నారు. ఈ మధ్యలో ఒక తరం బడికి వెళ్లి బయటికొచ్చింది. ఈ చర్చలో తలదూర్చి ఒక నిర్ణయానికి రాగల శక్తిని బడి ఆ తరానికి ఇచ్చిందా అన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లో ఇప్పుడు పద్నాలుగు, పదహారేళ్ల వయసున్న పిల్లలే రేపు ఈ విత్తనాలను వేసేవాళ్లు, తినేవాళ్లు, ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవాళ్లు.

ముందు పుస్తకం చూద్దాం. 2023-24లో ఆంధ్రప్రదేశ్ తొమ్మిదో తరగతికి తెచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలో ఆహార వనరుల మెరుగుదల గురించి ఒక పాఠం ఉంది. బొచ్చె పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయి కాబట్టి మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచవచ్చని అందులో ఉంటుంది. కైకలూరు పిల్లవాడికి ఈ సంగతి బడికి రాకముందే తెలుసు. వానాకాలంలోనే గుడ్లు పెట్టే ఈ చేపల చేత హార్మోను సాయంతో చెరువుల్లోనే గుడ్లు పెట్టించే పద్ధతి వచ్చిందన్న విషయం మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. కోరుకున్న గుణం కోసం పంటలోకి జన్యువును చొప్పిస్తారన్న ముక్కదీ అదే గతి.

ఆ చేప వాక్యం వెనక ఎంత కథ ఉందో! 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి పెంపకపు చేపల చేత గుడ్లు పెట్టించారు. దేశం ఏటా చేప రైతుల దినం జరుపుకొనేది ఆ తేదీనే. అంతవరకు చేపపిల్ల కావాలంటే ఎక్కువగా నది మీదే ఆధారపడాల్సి వచ్చేది. కొల్లేరు చుట్టూ వేల ఎకరాల్లో చెరువులు లేచాయంటే దాని వెనక ఆ సూది ఉంది. హేచరీలో తల్లిచేపను తడిగుడ్డలో పట్టుకొని, మొప్పల వెనక రెక్క మొదట్లో మందు ఎక్కించి తొట్టెలో వదులుతారు. సాయంత్రం సూది పడితే తెల్లవారేసరికి నీళ్లలో గుడ్లు ఉంటాయి. ఒక జీవి లోపలి సంకేతాలను మనిషి బయటినుంచి ఎలా కదిలించగలడో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ జిల్లాల్లో దొరకదు. ఆ పనిని కళ్లారా చూసిన పిల్లలు తరగతిలో ఉంటారు. ఉపాధ్యాయుడికి సమయం ఉండదు, పరీక్షలో ప్రశ్న ఉండదు. పాఠం ముందుకు వెళ్లిపోతుంది.

పదో తరగతి తర్వాత దారులు చీలతాయి. ఎంపీసీ, సీఈసీ, ఎంఈసీ వైపు వెళ్లినవారికి జీవశాస్త్రం అక్కడితో సరి. ఆధునిక బయోటెక్నాలజీని అసలు పాఠంగా చెప్పేది ఇంటర్ రెండో ఏడాదిలో. అంటే బైపీసీ లాంటి గ్రూపు తీసుకున్నవారికి తప్ప మిగతా పౌరులెవరికీ ఆ పాఠం అందదు. బైపీసీ పిల్లలైనా నేర్చుకునేదేమిటి? ఈకో ఆర్ వన్ ఎంజైమ్ ఏ వరుస దగ్గర డీఎన్‌ఏను కత్తిరిస్తుంది, పీబీఆర్ 322 ప్లాస్మిడ్‌లో ఏయే యాంటీబయోటిక్ నిరోధక జన్యువులుంటాయి, ఎలి లిలీ ఇన్సులిన్‌ను ఏ ఏడాది తయారుచేసింది. అన్నీ నీట్‌లో నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలుగా మారగలిగినవే. బీటీ పత్తి పాఠంలో విషపు స్ఫటికం పురుగు పొట్టలోని క్షారగుణంలో కరిగి పేగు గోడకు చిల్లులు పొడిచే వివరం ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటు పడిన సంగతికి మాత్రం అంత చోటు దొరకదు. గుజరాత్‌లో 2010కే ఆ నిరోధకత బయటపడింది. కొన్నేళ్లలో రెండు జన్యువుల పత్తి మీదా పురుగు తిరగబడింది. ఆ దెబ్బ తిన్న రైతుల్లో తెలుగు రైతులూ ఉన్నారు. చింతలపూడి మెట్టలో పత్తి వేసిన ఇంటి పిల్లవాడు పాఠం చదివి ఇంటికెళితే, పాఠంలోని పత్తి వేరు, చేలోని పత్తి వేరు.

ఇలాంటి చోట పిల్లలు పుస్తకాన్ని నమ్మడం మానేస్తారు. ఆ ఖాళీని విత్తనాల దుకాణదారు, ఫోనులో తిరిగే వీడియో నింపుతాయి.

ఇక బడి బయట ఏముందో చూడాలి. కైకలూరు, ఆకివీడు, భీమవరం రోడ్ల పక్కన ఆక్వా ల్యాబుల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చిన తర్వాత సీడ్ పరీక్ష రైతు ఖర్చుల పట్టికలో చేరిపోయింది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో కనుబొమ్మ వెంట్రుకంత రొయ్యపిల్లలను ల్యాబ్‌కు తెస్తారు. వాటిని నూరి, డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ యంత్రంలో పెడతారు. తెల్లమచ్చ వైరస్ ముక్క ఒక్కటి ఉన్నా చాలు, వేడి చేసి పోగులను విడదీసి, చల్లార్చి, ఎంజైమ్‌తో మళ్లీ కట్టించే ఆ చక్రం ముప్పైసార్లు తిరిగేసరికి ఒకటి వంద కోట్లకు పైగా అవుతుంది. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవినీ అలాగే పట్టుకుంటారు. రిపోర్టు చేతికొచ్చాకే సీడ్ చెరువులోకి దిగుతుంది. ఇంటర్ పుస్తకంలో బొమ్మగా కనిపించేదీ, కరోనా కాలంలో ఊరూరా ముక్కులో పుల్ల పెట్టించుకొని చేయించుకున్నదీ, తండ్రి రొయ్యల కోసం డబ్బు కట్టి చేయించేదీ ఒకే తరహా పరీక్ష అని తరగతిలో చెప్పే ఏర్పాటు లేదు.

చెప్పాల్సింది యంత్రం గొప్పతనం ఒక్కటే కాదు. లక్ష పిల్లల్లోంచి గుప్పెడు తెచ్చి పరీక్షిస్తే నెగెటివ్ వచ్చిందనుకోండి, మిగతా పిల్లల సంగతేమిటి? ఎన్ని తెస్తే నమ్మకం ఎంత పెరుగుతుంది? ఇది గణితం, జీవశాస్త్రం, డబ్బు మూడూ కలిసిన ప్రశ్న. ఎంపీసీకి వెళ్లబోయే కుర్రవాడిని కూడా కట్టిపడేయగల ప్రశ్న. రొయ్య రైతు పంట పోయిన రోజున ‘ల్యాబ్ మోసం చేసింది’ అంటాడు. అది నిజంగా మోసమా, నమూనా తక్కువైందా, పక్క చెరువు నీటితో తర్వాత వచ్చిందా అని విడదీసి చూడగలగడమే శాస్త్రీయ దృక్పథం. దానికి పాఠ్యాంశం చెరువు గట్టునే సిద్ధంగా ఉంది.

పాఠం వైఖరిని మారుస్తుందా? ఈ విషయంలో విదేశాల్లో చాలాకాలంగా పరిశోధన జరుగుతోంది. ఐరోపా సంఘం జరిపే యూరోబారోమీటర్ సర్వేల్లో ఒక వాక్యం ఇచ్చి నిజమో కాదో చెప్పమనేవారు: మామూలు టమాటాల్లో జన్యువులు ఉండవు, జన్యుమార్పిడి టమాటాల్లోనే ఉంటాయి. తప్పు అని సరిగ్గా గుర్తించినవారు 2005లో 41 శాతమే. అంత చదువుకున్న ఖండంలోనే పరిస్థితి అది. పశ్చిమ ఆస్ట్రేలియాలో డాసన్, షిబెసి 2003లో వెల్లడించిన అధ్యయనంలో పదకొండు బడుల్లోని 1,116 మంది పదిహేనేళ్ల పిల్లలను అడిగితే దాదాపు మూడోవంతుకు బయోటెక్నాలజీ గురించి ఏమీ తెలియదు, లేదా తెలిసింది చాలా తక్కువ. రేపు రావచ్చునన్నవాటిని ఇప్పటికే వచ్చేశాయని అనుకున్నవారూ ఎక్కువే. అక్కడి పిల్లలు సూక్ష్మజీవుల వాడకానికి పెద్ద సంఖ్యలో సరే అన్నారు, మొక్కల దగ్గర కొంత తగ్గారు, జంతువుల దగ్గరకొచ్చేసరికి వెనకాడారు. నెదర్లాండ్స్‌లో తాన్యా క్లోప్, సబీన్ సెవెరీన్స్ 2007లో పదహారేళ్ల పిల్లల అభిప్రాయాలను పరిశీలించి నాలుగు గుంపులు గుర్తించారు: ధీమాగా సమర్థించేవారు, ఏమీ తేల్చుకోలేనివారు, ఆలోచించి అనుమానించేవారు, మాకెందుకిది అనేవారు. కాబట్టి కౌమారంలోని పిల్లల వైఖరిని ‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అని రెండు గంపల్లో పోయడం కుదరదు.

తెలిస్తే ఒప్పుకుంటారన్నది శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మకం. అందులో కొంత నిజముంది. అమెరికాలో జోనథన్ మెక్‌ఫెట్రస్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు వారాలపాటు జన్యుమార్పిడి వెనక ఉన్న శాస్త్రాన్ని నేర్పితే విద్యార్థుల్లో భయం తగ్గింది, సానుకూలత పెరిగింది. అదే ఏడాది ఫిలిప్ ఫెర్న్‌బాక్ బృందం అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ ప్రజలను పరిశీలించి, జన్యుమార్పిడి ఆహారాన్ని అత్యంత తీవ్రంగా వ్యతిరేకించేవారికి నిజంగా తెలిసింది తక్కువ, తెలుసనుకునేది ఎక్కువ అని చూపించింది. కానీ దీనికి మరో వైపు కూడా ఉంది. నిక్ అల్లమ్, సహచరులు 40 దేశాల్లోని 193 సర్వేలను కలిపి 2008లో విశ్లేషిస్తే, శాస్త్ర పరిజ్ఞానానికీ శాస్త్రం పట్ల సుముఖతకూ మధ్య సంబంధం ఉంది కానీ చిన్నది. సాధారణ సైన్స్ మార్కులు పెరిగినంత మాత్రాన జన్యుమార్పిడి పంట మీద అభిప్రాయం మారిపోదు. ఏ విషయం మీద అభిప్రాయం కావాలో ఆ విషయాన్నే, దాని లోతుల్లోకి దిగి చెప్పాలి.

రెండో పక్షం వాదన వేరు. పాఠాల పేరుతో కంపెనీల ప్రచారం బడిలోకి వస్తుందన్నది స్వచ్ఛంద సంస్థల, సేంద్రియ రైతుల భయం. ఊహించుకున్న భయం కాదిది. జపాన్‌లో జన్యు సవరణ టమాటా నారును 2021లో పెరటి సాగుదారులకు ఉచితంగా పంచిన కంపెనీ, తర్వాత ప్రాథమిక పాఠశాలలకూ ఇస్తామంటే అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా అడ్డం తిరిగాయి. విత్తనం అమ్మేవాడే గురువు కాకూడదన్న ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో మేత కంపెనీలకు, మందుల కంపెనీలకు ఉన్న పలుకుబడిని బట్టి చూస్తే ఇక్కడ ఇంకా జాగ్రత్త అవసరం. అయితే ప్రచారానికి భయపడి పాఠమే వద్దనుకుంటే, చివరికి మిగిలేది ప్రచారమే.

పాఠం పనితీరును ఎంతమంది పిల్లలు బయోటెక్నాలజీకి ఓటేశారన్న లెక్కతో కొలవకూడదు. ఒక సాంకేతికతకు, ఇంకో సాంకేతికతకు తేడా తెలుసుకొని, ఒక్కోదాన్ని విడిగా తూచగలుగుతున్నారా అన్నదే కొలమానం కావాలి. ఈ ప్రాంతంలో అందుకు దొరికినంత సరంజామా బహుశా దేశంలో మరెక్కడా లేదు.

మార్టేరునే తీసుకుందాం. 1925లో మొదలైన ఆ కేంద్రం వశిష్ట, మసూరి రకాలను సంకరపరచి స్వర్ణ అనే ఎంటీయూ 7029 ఇచ్చింది. కృష్ణవేణిని, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్ 64ను కలిపి కాటన్‌దొర సన్నాలు ఇచ్చింది. ఇవి సాధారణ సంకరణాలు. తర్వాత అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణలోకి ముంపును తట్టుకునే సబ్ 1 జన్యువును ఒడిశా పాత వరి నుంచి తెచ్చారు. అదీ సంకరణమే, కాకపోతే ఏ మొక్కలో ఆ జన్యువు దిగిందో డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఏరుకున్నారు. అలా 2009లో స్వర్ణ సబ్ 1 రైతుకు చేరింది. ఇక 2025లో ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1లో బయటి జన్యువు ఏదీ లేదు, ఎంటీయూ 1010లో ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి పనిచేయకుండా చేశారు. బీటీ పత్తి వీటన్నిటికీ భిన్నం, నేలలోని బాక్టీరియా జన్యువు పత్తిలోకి చేరింది అందులోనే. అందుకే చట్టం కూడా వీటిని వేరువేరుగా చూస్తోంది. బయటి డీఎన్‌ఏ మిగలని జన్యు సవరణ మొక్కలకు 2022 మార్చిలో కేంద్రం కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది, బీటీ లాంటి వాటికి ఇవ్వలేదు. ఈ నాలుగు మెట్లనూ తొమ్మిదో తరగతి పిల్లవాడికి నాలుగు దోసిళ్ల విత్తనాలు చూపిస్తూ చెప్పొచ్చు. తర్వాత, ఆ మినహాయింపు సబబేనా అని అతన్నే అడగవచ్చు.

అక్కడితో ఆగితే పాఠం సగమే. డీఎస్‌టీ వరి ఉప్పును, నీటి ఎద్దడిని తట్టుకుంటుందని శాస్త్రవేత్తల మాట. పశ్చిమ గోదావరి డెల్టాలో ఉప్పు ఎక్కడినుంచి వస్తోంది? కొంత సముద్రం పోటు వల్ల. కొంత, రొయ్యల చెరువుల ఊటనీరు పక్క చేలోకి దిగి నేలను చౌడు చేస్తోందన్నది వరి రైతుల ఫిర్యాదు. ఉప్పును ఓర్చుకునే వరి తెచ్చుకోవడమా, ఉప్పునీటి చెరువును అదుపు చేయడమా? ఈ ప్రశ్నకు ప్రయోగశాల ఒక్కటే జవాబు చెప్పలేదు. జన్యు సాంకేతికతపై నార్వే 1993లో చేసిన చట్టం సురక్షితమా కాదా అని మాత్రమే అడిగి ఊరుకోదు. సమాజానికి మేలుందా, నిలకడైన అభివృద్ధికి తోడ్పడుతుందా, నైతికంగా సమ్మతమేనా అని కూడా చూడాలంటుంది. మన చర్చల్లో లేనిది సరిగ్గా ఈ రెండో భాగమే. ఆ అలవాటు పదిహేనేళ్లకే పడాలి.

పెదవేగిలోని భారత ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ కూడా అంతే విలువైన పాఠం. డ్యూరా, పిసిఫెరా చెట్లను కలిపితే వచ్చే టెనెరా హైబ్రిడ్ మెండెల్ సూత్రానికి చక్కటి రుజువు. కాయ పెంకు మందాన్ని నిర్ణయించే జన్యువును మలేసియా శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు. టిష్యూకల్చర్‌తో ఒకే చెట్టుకు నకళ్లు తీస్తే కొన్నిట్లో కాయలు వంకరపోయి నూనె పడిపోయేది. అందుకు కారణం జన్యువు అక్షరాలు మారడం కాదని, దాని మీద ఉండే రసాయన గుర్తులు చెరగడమని 2015లో తేలింది. శాస్త్రం ఎక్కడ తడబడిందో, తడబాటును ఎలా వెతికి పట్టుకుందో ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ, రోజూ ఆయిల్ పామ్ గెలల ట్రాక్టర్లు బడి ముందునుంచి పోయే ఊళ్లలో, ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో తేడా పెద్దలకూ తోచదు. పంటలో జన్యువు మార్చారంటే ఉలిక్కిపడేవారు, మందులో మార్చారంటే మారుమాట్లాడరు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వాక్-బి దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా. వైరస్ జన్యువును ఈస్ట్‌లోకి చొప్పించి చేసింది. నేడు పుట్టిన ప్రతి బిడ్డకూ ఇచ్చే హెపటైటిస్ బి టీకా ఆ సాంకేతికతతో తయారయ్యేదే, చక్కెర రోగి తీసుకునే ఇన్సులిన్ కూడా అంతే. మూసిన తొట్టెలో ఈస్ట్‌ను పెంచడానికీ, తెరిచిన చేలో పంట వేయడానికీ నిజంగా తేడా ఉంది. పుప్పొడి గాలికి పోతుంది. కానీ ఆ కారణం తెలిసి తేడా చూపేవారు వేరు, తెలియక జంకేవారు వేరు.

కొల్లేరు ఈ తూకాన్ని మరో వైపునుంచి సరిచేస్తుంది. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఈ సరస్సుకు ఇప్పటివరకు జరిగిన హాని జన్యుమార్పిడి జీవుల వల్ల కాదు. 2005-06లో వేల ఎకరాల చెరువుల గట్లు పేల్చాల్సి వచ్చింది ఆక్రమణల వల్ల. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దేశం నిషేధించింది, అది జన్యుమార్పిడి చేప అని కాదు, నీళ్లలోకి తప్పించుకుంటే దేశవాళీ చేపలను తినేస్తుందని. ఫంగస్ చేప, వనామీ రొయ్య కూడా బయటినుంచి తెచ్చినవే. ఇంటర్ పుస్తకంలో పిల్లలు ప్లాస్మిడ్ మీద యాంటీబయోటిక్ నిరోధక జన్యువును బట్టీ పడతారు. అదే నిరోధకత చెరువుల్లో విచ్చలవిడిగా వేసే యాంటీబయోటిక్స్ వల్ల పెరుగుతుందనీ, ఆ అవశేషాల భయంతోనే 2016లో ఐరోపా సంఘం మన రొయ్యల సరుకులో సగాన్ని తనిఖీ చేయాలని నిబంధన పెట్టిందనీ ఆ పుస్తకం చెప్పదు. ఏలూరులో 2020 డిసెంబరులో 600 మందికి పైగా మూర్ఛలతో ఆస్పత్రిపాలైనప్పుడు ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ కనుగొంది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. సీసీఎంబీ, పోషకాహార సంస్థ, నీరి తలా ఒక కోణంలో నమూనాలు పరీక్షించాయి. ఆనాడు పదేళ్లున్న ఏలూరు పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కు వచ్చారు. ఆహారంలో ప్రమాదం ఏ రూపంలో వస్తుందో, ఆధారం ఎలా పేరుస్తారో వారికి నేర్పడానికి వేరే ఊరి కథ అక్కర్లేదు.

ఇవన్నీ అర్థం కావాలంటే ఒక మూలసూత్రం కావాలి. గులాబీ రంగు పురుగు బీటీని జయించడం, చెరువు బాక్టీరియా మందుకు లొంగకపోవడం, కరోనా రూపాలు మార్చడం, అన్నీ ప్రకృతి వరణమే. సరిగ్గా దాన్నే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి తొలగించింది. భారం తగ్గించే పేరుతో ‘అనువంశికత, పరిణామం’ అన్న పాఠంలో పరిణామం పోయి అనువంశికత మిగిలింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని తిరిగి పెట్టాలని బహిరంగ లేఖ రాశారు. ఆ పుస్తకాన్నే మన రాష్ట్రం 2024-25లో పదో తరగతికి తెచ్చుకుంది. బైపీసీ పిల్లలకు ఇంటర్‌లో అది మళ్లీ దొరుకుతుంది, మిగతావారికి దొరకదు. బయోటెక్నాలజీ పాఠం ఎంత బాగా రాసినా, ఈ పునాది లేకుండా నిలబడదు. ఈ విషయంలో రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి దిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు, పది పేజీల అనుబంధ పాఠం రాసి పంపే అధికారం, సామర్థ్యం దానికున్నాయి.

ఇంగ్లండ్‌లో పదహారేళ్లలోపు పిల్లలందరూ జీవశాస్త్రం చదవాలి. జన్యు ఇంజినీరింగ్ లాభనష్టాలను బేరీజు వేయడం ఆ వయసు పరీక్షల సిలబస్‌లోనే ఉంది. నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాలు ప్రయోగ సామగ్రిని పెట్టెల్లో సర్దుకొని బడులకు తీసుకెళ్లే డీఎన్‌ఏ ల్యాబులను నడిపాయి. మనకు అలాంటివి నడపగల సంస్థలు లేక కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్ఐటీలో బయోటెక్నాలజీ విభాగం ఉంది. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పెదవేగి, మార్టేరు ఉన్నాయి. ఈ నాలుగు సంస్థల గేట్లకు, చుట్టూ ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు మధ్య ఏటా ఒక ఓపెన్ డే తప్ప స్థిరమైన సంబంధం లేకపోవడమే లోపం. ఒక వ్యాను, ఒక పీసీఆర్ యంత్రం, ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఉంటే నెలకు పది బడులు తిరగవచ్చు. ఖర్చు ప్రభుత్వానిదే కావాలి, విత్తన కంపెనీదో మేత కంపెనీదో కాకూడదు.

యంత్రం రాని బడిలోనూ ఒక పని చేయొచ్చు. మగ్గిన అరటిపండును ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో మెదిపి, గుడ్డలో వడకట్టి, మందుల షాపులో దొరికే స్పిరిట్‌ను ఐసుముక్కల్లో చల్లబరిచి గాజు గ్లాసు అంచు వెంట మెల్లగా పోస్తే, కాసేపట్లో తెల్లటి పోగులు పైకి తేలతాయి. పుల్లతో చుట్టి తీయవచ్చు. అదే డీఎన్‌ఏ. యూరోబారోమీటర్ ప్రశ్నకు జవాబు అక్కడే, ఒక పీరియడ్‌లో దొరుకుతుంది. మామూలు పండులోనూ జన్యువులున్నాయి, మనం తిన్న ప్రతిపూటా వాటిని తింటూనే ఉన్నాం.

2025-26 నుంచి ఇంటర్ బోర్డు వృక్ష, జంతుశాస్త్రాలను కలిపి ఒకే బయాలజీ పేపరు చేసి, గణితంతో పాటు బయాలజీ చదవాలనుకునేవారికి ఎంబైపీసీ దారి తెరిచింది. మంచి అడుగే, కానీ అది ఎంచుకున్నవారికి మాత్రమే. అందరూ చదివే చివరి మెట్టు పదో తరగతి కాబట్టి అసలు మార్పు అక్కడ రావాలి. మన బడుల్లో ఏది పరీక్షలో వస్తుందో అదే పాఠమవుతుంది, ఈ మాట చేదైనా నిజం. జీవశాస్త్రం పబ్లిక్ పరీక్షలో ఎనిమిది మార్కులకు ఒక స్థానిక సమస్య ఇవ్వాలి: మొగల్తూరు రైతు చౌడు చేలో డీఎస్‌టీ వరి వేయాలా, పక్క రొయ్యల చెరువు మీద ఫిర్యాదు చేయాలా? పిల్లవాడు ఏ పక్షం తీసుకున్నాడన్నదానికి మార్కు ఉండదు. ఎన్ని ఆధారాలు చూపాడు, అవతలి పక్షానికి ఏం సమాధానం చెప్పాడు అన్నదానికే మార్కులు. అలాంటి జవాబును దిద్దడం ఉపాధ్యాయులకూ కొత్తే. అందుకే వేసవి శిక్షణలో రెండు రోజులు మార్టేరులో, ఒకరోజు కైకలూరు ఆక్వా ల్యాబులో జరిపి, దిద్దే సూచికలను ఈ రెండు జిల్లాల జీవశాస్త్ర ఉపాధ్యాయుల చేతే రాయించాలి. వాళ్లు రాసిన సూచికలను రాష్ట్ర పరీక్షల విభాగం మరుసటి మార్చి పరీక్షలకల్లా అమలులో పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు సరిపోతుంది.